పది రోజుల నడక

కోట అధికారి వీరభూపతి కొండ మీద గొర్రెలు మేపకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. గొర్రెపిల్లల్ని దొడ్లో కట్టేసి ఉడికించిన ఉలవలు పెడితే త్వరగా బలుస్తాయనీ, కొండ తన వేటకు మిగులుతుందనీ ఆయన ఆలోచన. కొండ పోతే బతుకే పోతుందని కాపరి బీరవ్వ నేరుగా రాజు దగ్గరికి వెళ్లింది. ఒకే ఈడు పొట్టేలు పిల్లల్ని ఇద్దరూ చెరొకటి మూడు నెలలు పెంచి తెమ్మనీ, మేలైన పిల్లను తెచ్చినవాళ్ల మాటే చెల్లుతుందనీ రాజు తీర్పు చెప్పాడు.

గడువు నాటికి అధికారి పెంచిన పిల్ల గుమ్మడికాయలా తయారైంది. తక్కెడలో అదే ఎక్కువ తూగింది.

"ఇంకేం మాట్లాడతావు?" అన్నాడు అధికారి.

బీరవ్వ బెదరలేదు. "బరువులో మీదే గెలుపు, దొరా. ఇవి ఎవరు తినడానికి?"

"సరిహద్దులో ఉన్న మన సైన్యం."

"అక్కడికి పది రోజుల నడక. మొదటి మజిలీ దాకా నడిపించి చూద్దాం."

రాజు గుర్రమెక్కి వెంట వచ్చాడు. ఊరు దాటకముందే అధికారి పిల్ల రొప్పుతూ కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. బీరవ్వ పిల్ల మాత్రం దారి పక్క గడ్డి కొరుక్కుంటూ సాగిపోయింది. అధికారి కంగారుగా, దాన్ని ఎత్తుకోమని ఇద్దరు భటుల్ని కేకేశాడు.

బీరవ్వ రాజుకు దణ్ణం పెట్టింది. "మహారాజా, మన సైన్యం పొట్టేళ్లను తినాలా, మోయాలా?"

రాజు పగలబడి నవ్వాడు. మర్నాడు పొద్దున్నే మందలు కొండెక్కాయి.