గుమ్మం దగ్గర ఆగిన పద్యం

సోమయాజులు గారు అడగ్గానే జవాబు చెప్పే మనిషి కారు. శిష్యుడు మృత్యుంజయుడు అడిగినవాటికైతే మరీను. అతని చేతికి పద్యం చిక్కితే చాలు, గణాలు విడదీసి, యతీ ప్రాసా చూసి, అలంకారానికి పేరు పెట్టిందాకా అన్నం సయించదు. ఆ రోజు పలక పక్కన పెట్టి అడిగాడు: "ఇవన్నీ తేల్చేశాక పద్యంలో ఇంకా మిగిలేదేమిటి గురువుగారూ?"

గురువుగారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

అంతలో కనకరత్నమ్మ వచ్చింది. చీరల మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మిన చిదంబరం భార్య. అతను పోయి ఏడాది కావస్తోంది. బతికినన్నాళ్లలో సొంతంగా ఒకే ఒక్క పద్యం అల్లాడట, భార్య మీద. సాయంత్రం ఇంటికొస్తూ సందు మొదట్లో ఎత్తుకునేవాడట.

"మూడు పాదాలే వచ్చు అయ్యగారూ. నాలుగోది నేనెప్పుడూ వినలేదు. సంవత్సరీకం లోపల ఒక్కసారి మొత్తం వినాలని ప్రాణం కొట్టుకుంటోంది," అని పాడింది. మూడో పాదం చివర ఆపేసింది.

మృత్యుంజయుడు అప్పటికే పలక అందుకున్నాడు. ఉత్పలమాల. ప్రాస మకారం. పదో అక్షరం దగ్గర యతి. ఎంత లోటుందో, ఎక్కడ ఏది పడాలో తెలిసిపోయింది. ఇంకేం, నాలుగో పాదం పూరించి రాగం తీసి చదివాడు. ఒక్క దోషం లేదు, పైగా చక్కటి ఉపమ కూడా పడింది.

కనకరత్నమ్మ శ్రద్ధగా విన్నది. "బాగుంది నాయనా. ఆయన గొంతులో పెట్టి చూసుకుంటేనే పట్టడం లేదు," అని లేవబోయింది. వచ్చినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ దిగులుగా ఉంది.

"నాలుగోది అతనెందుకు పాడేవాడు కాదమ్మా?" అన్నారు గురువుగారు.

"మూడోది అయ్యేసరికి గుమ్మంలో ఉండేవాడు. నేను గడియ తీసేదాన్ని. ఇంక పాడటమెందుకు?"

"మళ్లీ పాడు తల్లీ."

పాడింది. మూడో పాదం అయింది. మృత్యుంజయుడు అందించబోతే గురువుగారు చెయ్యెత్తి ఆపారు. ఒక పాదం పాడేంతసేపు ఎవరూ మాట్లాడలేదు. కనకరత్నమ్మ కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి, లేని గడియను పక్కకు లాగింది. ఎదురుగా అతను నిలబడి ఉన్నట్టే చూసింది. తరవాత తనివితీరా ఏడ్చింది.

గురువుగారు శిష్యుడి వైపు తిరిగారు.

"పద్యం పూర్తయింది. నీ పాదం తుడిచెయ్యి."