రెండో రిమోట్

మధ్యాహ్నం అన్నాలయ్యాక పెళ్లాం కాశింబి ఆటకు రావడం మానేసింది. దస్తగిరికి పట్టుకున్న దిగులు అదొక్కటే.

మైదుకూరులో వీడియో గేములు ఆడించే అంగడి అతనిది. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. దాని ముందు ఒక నిమిషం నిలబడి, మన చిన్నతనమంతా ఇక్కడే గదా తగలబెట్టుకున్నాం అని మురిసిపోయే నడివయసువాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. వీధి వైపు గది అంగడి, వెనక వైపు సంసారం, మధ్యన ఒక పూల కర్టెన్. అంగట్లో రెండు టీవీలు, రెండు మిషన్లు. ఒకటి కేసెట్ పెట్టి ఆడే పాతది. ఇంకొకటి సీడీ వేసి ఆడేది, మద్రాసు నించి కొత్తగా తెప్పించింది. బడి విడిచే వేళకు పిల్లకాయలు చెప్పులు గుమ్మంలో గుట్టపోసి, ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తూ, రెండింటిలో ఏ మిషను గొప్పదని కొట్టుకు చచ్చేవాళ్లు. గెలిచే ముందర కరెంటు పోతే ఆ రోజుల్లో గదంతా ఒక్కసారిగా నిట్టూర్చేది. అట్లాంటి నిట్టూర్పు ఇప్పుడు ఎక్కడా వినపడదు.

ఆ తగువు తీర్చడానికే దస్తగిరి ఒక సిద్ధాంతం కనిపెట్టాడు.

"కేసెట్ మిషను మగది రా," అనేవాడు. "నెత్తిన ఒకటేస్తే దారికొస్తాది. కేసెట్ తీసి నోటితో ఊది పెడితే మళ్లీ ఆడతాది. అలకా గిలకా ఉండవు. సీడీ మిషనుందే, అది ఆడది. మెత్తటి గుడ్డతో తుడవల్ల, గీత పడగూడదు, వేడి తగలగూడదు. ఇంత చేసినా ఆట మొదలయ్యేలోపల సింగారానికే అరగంట."

పిల్లకాయలకు సగమే అర్థమైనా నవ్వు మాత్రం పూర్తిగా నవ్వేవాళ్లు. గురువారం సాయంత్రాలు దర్గా దగ్గర పెద్దవాళ్లకూ అదే చెప్పేవాడు. వాళ్లకు మొత్తం అర్థమయ్యేది కాబట్టి ఇంకా ఎక్కువ నవ్వేవాళ్లు. కాశింబి మాత్రం కర్టెన్ వెనక నించి ఒకసారి అంది: "మగదే, కాదన్నదెవురు? ఎవురో ఒకరు పక్కన కూర్చోని ఊది ఊది బతిమాలితే గానీ పనికి వంగదు."

ఆ మాట దస్తగిరి దర్గాలో చెప్పలేదు.

కానీ అట్లాంటి మాటలకే అతను ఆమెకు పడిపోయాడు. పెళ్లైన కొత్తలో ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, షట్టరు సగం దించి, ఊరికే కూర్చోలేక అతను రెండో రిమోట్ ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరు మనుషులు తుపాకులు పట్టుకొని అడవిలో ఉరుకుతూ పోయే ఆట అది. మొదటిరోజు ఆమె బొమ్మ నేరుగా పోయి గుంతలో పడింది. నెల తిరిగేసరికి అతనికి కనపడని తూటాలు ఆమెకు కనపడేవి, "వంగు, వంగు" అని హెచ్చరించేది. అట్లా ఆ ఇంట్లోకి మాటలు వచ్చాయి. పొద్దున్నించీ ఎంత గోల భరించినా ఆ ఒక్క గంట కోసమే భరించేవాడు దస్తగిరి.

మొదటి రిమోట్ ఎప్పుడూ అతనిదే. అట్లా అని ఎవరూ తీర్మానం చేయలేదు. ఆట మొదలుపెట్టడానికీ, మధ్యలో ఆపడానికీ మీట ఆ మొదటిదాంట్లోనే ఉండేది. రెండోదాంతో ఉరకొచ్చు, ఎగరొచ్చు, కాల్చొచ్చు, అంతే.

ఒకసారి ఆటలో ఉండగా వెనక వాకిట్లో ఎవరో పిలిస్తే కాశింబి ఆపమంది. అతను ఆపలేదు. ఆమె రిమోట్ కింద పెట్టి లేచిపోయింది, ఆమె బొమ్మ చచ్చింది, దాని వెనకే ఆటా పోయింది. చేతికొచ్చిన ఆట మా ఆమె ఓడగొట్టిందని సాయంత్రం పిల్లకాయలందరికీ చెప్పుకున్నాడు. ఇంకోసారి పొయ్యి మీద పప్పు ఉండగా ఆపమంది. "ఈ గట్టు దాటనీ," అన్నాడు. ఈసారి ఆమె లేవలేదు. గట్టు దాటారు, పప్పు మాడింది. ఆ సంగతి గట్టుతో సహా గురువారం దర్గాలో చెప్పి, ఆడవాళ్లకు ఒకేసారి రెండు పనులు చేతకావని అందరినీ కడుపుబ్బ నవ్వించాడు. లేస్తే ఓడగొట్టిందంటాడు, లేవకపోతే మాడబెట్టిందంటాడు. ఇక ఆమె చేయగలిగింది ఏముంది?

ఆ నవ్వులు ఇంటిదాకా వచ్చిన మరుసటి రోజు నించి ఆమె రాలేదు. కోప్పడలేదు, ఏడవలేదు. అన్నం పెట్టి, గిన్నెలు కడుక్కొని, కొంగు పరుచుకొని పడుకునేది. పిలిస్తే "నువ్వాడుకో," అనేది. అతను ఒక్కడే ఆడి చూశాడు గానీ వంగమని చెప్పే మనిషి లేక మాటిమాటికీ చచ్చిపోయాడు. ఇంట్లో మాటలు మళ్లీ పెళ్లైన కొత్తకు వెళ్లిపోయాయి. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అనడం, అంతటితో సరి.

ఓర్చుకోలేక, ఒక గురువారం అందరూ వెళ్లేదాకా కాచుకొని, హుసేనయ్య తాత ముందు కూర్చున్నాడు. దూదేకుల ఇంట పుట్టి, దర్గా ఊడ్చుకుంటూ, దీపం పెట్టుకుంటూ, తంబుర మీద తత్వాలు పాడుకుంటూ ముసలివాడైన మనిషి ఆయన. సాయిబులని, హిందువులని లేకుండా ఊళ్లో అందరికీ గురువే. ఎవరైనా ఉపదేశం చేయమంటే మాత్రం నశ్యం డబ్బీ కోసం వెతుక్కునేవాడు.

దస్తగిరి తన బాధంతా వెళ్లబోసుకున్నాడు. పాత మిషను మీద ఆమెకు మొహం మొత్తి ఉంటుందనీ, సీడీ మిషను మీద ఆడించాలా, అంతకంటే కొత్తది తెప్పించాలా తేలడం లేదనీ అన్నాడు. ఆడవాళ్ల మనసుకు ఏ మిషను నప్పుతుందో తాతే చెప్పాలన్నాడు.

"నేనెప్పుడూ ఆడలేదు కదరా," అన్నాడు తాత. "ఎల్లుండి మధ్యాహ్నం వస్తా. ఆడి చూసి చెప్తా."

అన్నట్టే వచ్చాడు. కాశింబి సలాం చెప్పి, చెంబునిండా మజ్జిగ ఇచ్చి, కర్టెన్ అవతల బియ్యం చెరగడానికి కూర్చుంది. తాత చాప మీద బాసింపట్టు వేసుకొని మొదటి రిమోట్ తీసుకున్నాడు. గురువు చేతిలోది అడగలేక దస్తగిరి రెండోది పట్టుకున్నాడు.

"ముందు ఆపే మీట యాదో చూపించు," అన్నాడు తాత. "ఆపడం రానోడు మొదలుపెట్టగూడదు."

ఆట మొదలైంది. ఆ ఒక్క మీట తప్ప తాతకు ఇంకేదీ పట్టలేదు. నాలుగు అడుగులు ఉరికి, ఆపి, నశ్యం పీల్చాడు. ఇంకాస్త దూరం పోయి, ఆపి, మజ్జిగ తాగాడు. మళ్లీ ఆపి, కర్టెన్ వైపు తిరిగి, మీ అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయమ్మా అని అడిగి, ఆమె చెప్పిందంతా తీరిగ్గా విన్నాడు. అంతసేపూ దస్తగిరి బొమ్మ గాల్లో కాళ్లు ముడుచుకొని వేలాడుతూనే ఉంది. ఆట నడిచినప్పుడేమో ముసలాయన చావకుండా దస్తగిరే ముందు నిలబడి కాల్చి దారి చేస్తున్నాడు. మనసులో విసుక్కున్నాడు గానీ గురువును ఏమంటాడు?

అంతలో బయట మోపెడ్ ఆగింది. కడప నించి కొత్త కేసెట్లు తెచ్చే మనిషి. దస్తగిరి ఎప్పటినించో చెప్పిపెట్టిన కేసెట్లు అవి. ఇక్కడ అందుకోకపోతే బద్వేలు అంగడివాళ్లు ఎగరేసుకుపోతారు. దస్తగిరన్నా, దస్తగిరన్నా అని అతను షట్టరు తట్టాడు.

"తాతా, ఒక్క నిమిషం ఆపు."

"ఈ గట్టు దాటనీ నాయనా."

కర్టెన్ అవతల చేట చప్పుడు ఆగిపోయింది.

రిమోట్ పడేసి లేవొచ్చు. లేస్తే ముసలాయన ఒంటరివాడైపోతాడు. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆడుతున్నాడు, ఆట పోతే దస్తగిరి వల్లే పోయిందని గురువారం నలుగురిలో చెప్పినా చెప్తాడు. దస్తగిరి లేవలేదు. ఒక చెవి షట్టరు మీద పెట్టి, కాలుస్తూ కూర్చున్నాడు. బయట ఇంకో రెండుసార్లు తట్టారు. తరవాత మోపెడ్ బద్వేలు దోవ పట్టింది.

ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయాక తాత మీట నొక్కాడు.

"ఆఁ, ఏమో అంటివే?"

దస్తగిరి షట్టరు వైపు చూశాడు.

"నీ దాంట్లో ఆపే మీట లేదా?"

"రెండోదాంట్లో ఉండదు తాతా. మిషనే అట్ల వస్తాది."

"రోజూ అది ఎవురు పట్టుకుంటారు?"

దస్తగిరి కర్టెన్ వైపు చూసి తల దించుకున్నాడు. తాత మిగిలిన మజ్జిగ గుక్కలో తాగి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. సాగనంపడానికి వెంట నడుస్తూ, కాస్తయినా పరువు దక్కించుకుందామని, ఇంతకూ ఏ మిషను ఆడవాళ్లకు నప్పుతుందో చెప్పలేదే అన్నాడు దస్తగిరి.

"వచ్చే గురువారం నువ్వు అంగట్లో ఉండు. ఆయమ్మను పంపు," అన్నాడు తాత షట్టరు కింద వంగుతూ. "ఇన్నాళ్లూ ఆడోళ్ల సంగతులు ఇన్నాం. ఈసారి మగోళ్లవి ఇందాం."

దస్తగిరి వెనక్కి వచ్చి చాప మీద కూర్చున్నాడు. మొదటి రిమోట్ కర్టెన్ కిందుగా అవతలికి నెట్టి, రెండోది పట్టుకొని అట్లాగే ఉండిపోయాడు.

చాలాసేపటికి కాశింబి ఆ రిమోట్ పట్టుకొని వచ్చి చాప చివర కూర్చుంది. చేతులు కొంగుకు తుడుచుకొని ఆట మొదలుపెట్టింది. ఇద్దరూ అడవి దాటారు, ఏరు దాటారు. గట్టు ఎక్కేసరికి నాలుగు వైపుల నించీ తూటాలు ముసురుకున్నాయి. తప్పించుకోవడానికి దస్తగిరి బొమ్మ గాల్లోకి ఎగిరింది.

కాశింబి మీట నొక్కింది. ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పొయ్యి మీద ఏమీ లేదు. వాకిట్లో ఎవరూ పిలవలేదు.

"ఏమాయె?" అన్నాడు.

"ఏంలే," అంది ఆమె, టీవీ వంకే చూస్తూ. "ఆపితే ఎట్లుంటాదో చూద్దామని."

దస్తగిరి రిమోట్ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతావని అడగలేదు.