ముందు లోపం చెప్పిన మైలమ

అనగా అనగా, ఏడు వాగులు కలిసి ఒక్క ఏరయ్యే చోట పసిండివాడ అనే మహాపట్నం ఉండేది. వీరకేతు మహారాజు ఆ పట్నాన్ని ఏలుతుండేవాడు.

ఆ పట్నంలో జనం కిక్కిరిసి ఉండేవారు. ఒక్కో ఇంట్లో మూడేసి కుటుంబాలు. వంటకు వరస, స్నానానికి వరస. తుమ్మాలన్నా వరసలో నిలబడాల్సిందేనని జనం నవ్వుకునేవారు.

ఆ పట్నంలోనే మైలమ ఉండేది. తాపీ పని ఆమెకు తండ్రి నేర్పిన విద్య. సున్నంలో కరక్కాయ నీళ్ళు ఎంత పొయ్యాలో, బెల్లం నీళ్ళు ఎప్పుడు కలపాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, అది ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పగలదు.

మైలమతో కలిసి పనిచేసే ఆడవాళ్ళు మరో తొమ్మిది మంది. అందరిలోకీ పెద్దది చెన్నక్క. ఇటుకల బట్టీ ఆమె చేతిలో ఉండేది. ఈ పదిమందీ పట్నంలో ఎన్నో మేడలు కట్టారు. కానీ వాళ్ళు ఉండేది ఏటి ఒడ్డున తాటాకు పాకల్లో. ఏరు పొంగితే పాకలు పోయేవి. నీళ్ళు తగ్గాక మళ్ళీ వేసుకునేవారు.

ఒకనాడు రాజుగారు చాటింపు వేయించాడు. "పట్నానికి కొత్త పేటలు కావాలి. కట్టగలవాళ్ళు సభకు రావచ్చు."

అంతవరకూ పట్నంలో ఏ పేట కట్టినా పోతిసెట్టే కట్టేవాడు. ఈసారి సభలో పోతిసెట్టి పక్కన మైలమ కూడా నిలబడింది. చీర కుచ్చిళ్ళకు ఇంకా సున్నం అంటుకునే ఉంది.

"ప్రభూ, తూర్పు మైదానం మాకివ్వండి. అరవై ఇళ్ళ పేట కడతాం," అంది మైలమ.

పోతిసెట్టి మీసం చాటున నవ్వాడు. "ఇటుకలు మొయ్యడం వేరు, పేట కట్టించడం వేరు ప్రభూ. ఆడవాళ్ళు కట్టించిన పేటలో ఎవరు కాపురం పెడతారు?"

రాజు పోతిసెట్టిని చేత్తో ఆపి అన్నాడు. "మైలమా, మైదానం తీసుకో. కట్టిన ఇళ్ళలో పది మీ పదిమందివి. కానీ వచ్చే ఉగాదినాటికి అమ్మాల్సిన మిగతా ఇళ్ళలో ఒక్కటయినా ఖాళీగా ఉంటే, పేట మొత్తం పోతిసెట్టి పాలవుతుంది. సమ్మతమేనా?"

మైలమ వెనక్కి తిరిగి చూసింది. చెన్నక్క తల ఊపింది.

"సమ్మతం ప్రభూ."

పని మొదలైంది. సున్నం గానుగ తిరిగింది, బట్టీ మండింది, ఇటుక మీద ఇటుక లేచింది. వేసవి దాటేసరికి అరవై ఇళ్ళూ నిలబడ్డాయి. తూర్పు మైదానం కాస్తా తూర్పుపేట అయింది.

ఇళ్ళు చూడ్డానికి జనం వచ్చారు. అప్పుడు మైలమ ఒక వింత పని చేసింది. ఎవరు ఏ ఇంటి ముందు నిలబడినా ఒకే మాట చెప్పేది. "ఇంటి గొప్ప తరవాత చెబుతాను. ముందు దీని లోపం వినండి."

మొదట ఒక కరణంగారు వచ్చాడు. పడమటి ఇల్లు చూసి ముచ్చటపడ్డాడు.

"ముందు దీని లోపం వినండి," అంది మైలమ. "మధ్యాహ్నం తిరిగిందంటే ఈ వాకిట్లో ఎండ పెనం మీద కాలినట్టు కాలుస్తుంది. నీడ పడదు."

కరణంగారు గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

తరవాత ఒక పండితుడు వచ్చాడు. ఉత్తరపు వరసలో ఇల్లు నచ్చింది.

"ముందు దీని లోపం వినండి. గోడ అవతల కంచర వీధి. తెల్లారింది మొదలు బిందెలు కొడుతూనే ఉంటారు."

పండితుడు చెవులు మూసుకుని వెళ్ళిపోయాడు.

మూడోసారి ఒక ధాన్యం వర్తకుడు వచ్చాడు. ఏటివైపు ఇల్లు చూశాడు.

"ముందు దీని లోపం వినండి. దీని పెరట్లో చెమ్మ ఏడాది పొడుగునా ఆరదు. ధాన్యం దాస్తే మొలకలొస్తాయి."

వర్తకుడు దండం పెట్టి మరీ వెళ్ళిపోయాడు.

చెన్నక్క నెత్తి కొట్టుకుంది. "ఏమే మైలమా, పిల్లకు సంబంధం చూస్తూ, దానికి గురక ఉందని ముందే చెబుతారా ఎవరైనా?"

"పెళ్ళయ్యాక తెలిస్తే పిల్లనే తిడతారు అక్కా. ముందే తెలిస్తే, గురక పట్టించుకోనివాడే వస్తాడు," అంది మైలమ.

అలా అందే గానీ ఆమెకూ లోపల బెదురుగానే ఉంది. అవతల పోతిసెట్టి కట్టిన కొత్త పేటలో ఇళ్ళు చకచకా నిండుతున్నాయి. ఎవరేం అడిగినా పోతిసెట్టి "అబ్బే, అలాంటిదేమీ లేదండీ" అనేవాడు.

అయితే వెళ్ళిపోయినవాళ్ళు ఊరుకోలేదు. ఇల్లమ్ముకునే మనిషే ఇంటి లోపం చెబుతోందని నవ్వుతూ పదిమందికీ చెప్పారు. ఆ మాట అప్పడాల అక్కమ్మ చెవిన పడింది. ఆమె చాపలు చుట్టుకుని పరుగున వచ్చింది.

"నీడ పడని వాకిలి ఉందట కదమ్మా? నా అప్పడాలూ వడియాలూ ఎండబెట్టుకునే చోటు లేక పదేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఆ ఇల్లు నాకే."

మర్నాడు ఒక మృదంగం పంతులుగారు వచ్చాడు. చప్పుడు పడలేక మూడు వీధులవాళ్ళు ఆయన్ని వెళ్ళగొట్టారు. "కంచరవాళ్ళ పక్కనయితే నా శిష్యులు ఎంత వాయించినా అడిగేవాడుండడు," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారమే తమలపాకుల నరసయ్య వచ్చాడు. చెమ్మ పెరట్లో మట్టి పిడికెడు తీసి, నలిపి, వాసన చూశాడు. ఇంటిలోపలికి వెళ్ళి చూడనైనా లేదు. "తమలపాదుకు ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

అలా ఏ ఇంటి లోపం ఎవరికి పనికొస్తుందో వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. ఈలోగా వానలు పడ్డాయి. పోతిసెట్టి పేటలో కప్పులు కురిశాయి, గోడలు ఉబ్బాయి. అక్కడివాళ్ళు కొందరు మూటలు సర్దుకుని తూర్పుపేటకు వచ్చేశారు. చలికాలం వెళ్ళేసరికి అమ్మాల్సిన యాభై ఇళ్ళలో నలభై తొమ్మిది నిండాయి. మిగిలింది పేట నడుమ ఉన్న ఒకే ఒక్క ఇల్లు. అన్నిటికంటే అందమైన ఇల్లు అదే.

ఉగాది ఇంకా మూడు రోజులుందనగా మైలమ ఆ ఇంట్లో నేల చూసింది. నట్టింట్లో వెంట్రుకంత పగులు కనిపించింది. గడ్డపార మొదలుతో తట్టింది. గట్టి నేల పలికే పలుకు కాదది. డొల్లగా, కడవ మీద కొట్టినట్టు పలికింది.

మైలమ అక్కడే కూలబడింది. ఆమెకు అర్థమైంది. నేలకింద ఏదో పాత బావి ఉంది. ఎవరో ఎప్పుడో పైన బండ పరిచి మట్టి కప్పేశారు. ఈ ఇంటికి పునాది తీసేనాడు పని తొందరలో నట్టింట్లో తవ్వి చూడలేదు. ఇన్ని ఇళ్ళ లోపాలు నోటితో చెప్పింది కానీ, ఈ లోపం తాను చేసిందే.

చెన్నక్కనూ మిగతావాళ్ళనూ పిలిచి చూపించింది. చెన్నక్క ముఖం పాలిపోయింది. వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి అంది.

"బండ ఇన్నాళ్ళూ ఆగింది కదే. ఇంకొన్నాళ్ళు ఆగదా? ముందు ఉగాది గడవనీ. తరవాత మనమే బాగుచేసి ఇద్దాం. పదిమంది కడుపు కట్టుకుని పనిచేశాం మైలమా. ఈ ఒక్కసారికి నోరు మూసుకో."

చెన్నక్క అడిగింది న్యాయం కాదు. అలాగని చెన్నక్క చెడ్డదీ కాదు. ఏరు పొంగినప్పుడల్లా నెత్తిన పొయ్యిరాళ్ళు పెట్టుకుని గట్టెక్కిన మనిషి ఆమె.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే దండనాయకుడు కాటయ గుర్రం దిగాడు. నెరిసిన మీసాల పెద్దమనిషి. కొలువు చాలించి స్థిరపడాలని ఇల్లు వెతుకుతున్నాడు. నట్టింట్లో నిలబడి నాలుగువైపులా చూశాడు.

"ఎంత పెద్ద నట్టిల్లమ్మా! నాకు మనవలూ మనవరాళ్ళూ ఏడుగురు. పొద్దస్తమానం ఇక్కడ గెంతులేస్తారు. ఈ ఇల్లు నేను తీసుకుంటాను."

మైలమ తల తిప్పి చూసింది. గుమ్మం దగ్గర తొమ్మిది మందీ నిలబడి తననే చూస్తున్నారు. ఒక్క మాట మింగితే చాలు, పది ఇళ్ళు వాళ్ళవవుతాయి. ఏరు ఇక వాళ్ళ జోలికి రాదు.

కానీ ఆమె కళ్ళముందు ఏడుగురు పిల్లలు గెంతుతున్నారు.

"అయ్యా, ముందు దీని లోపం వినండి," అంది. గడ్డపారతో నేల తట్టి వినిపించింది. "ఈ నేలకింద పాడుబడ్డ బావి ఉంది. నేను తొందరపడి, సరిగా చూడకుండా కట్టాను. తప్పు నాది. పిల్లలే కాదు, ఎవరూ అడుగుపెట్టదగ్గ ఇల్లు కాదు."

కాటయ కిందికి చూసుకుని నెమ్మదిగా అడుగు వెనక్కి వేశాడు. ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. తరవాత గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు చెన్నక్క కొంగు నడుముకు బిగించి, మైలమ చేతిలోని గడ్డపార అందుకుంది.

"ఏడుగురు పిల్లలంటే మాటలా?" అంది. "పదండి, పడగొడదాం. ఇంకొకడెవడైనా వచ్చి ముచ్చటపడకముందే."

తాము ఎత్తిన గోడలు తామే దించారు. రెండు రోజులు పట్టింది. మైలమ ఏడుస్తూనే ఇటుకలు పేర్చింది. మూడో రోజు ఉదయం నట్టింటి బండ పైకి లేపారు. కింద చుట్టూ రాతి వరసతో పాతకాలపు బావి బయటపడింది. అడుగున నీళ్ళు తళతళలాడాయి. చెన్నక్క తాడు కట్టి చేద దించి, చేదిన నీళ్ళు దోసిట్లో పోసుకుని తాగింది. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.

ఆ కబురు క్షణాల్లో పేటంతా పాకింది. అన్నాళ్ళూ పేటవాళ్ళు నీళ్ళకోసం ఏటిదాకా నడుస్తున్నారు. వేసవిలో ఏరు సన్నబడితే ఎలాగా అని బెంగపడుతున్నారు. ఆడవాళ్ళందరూ బిందెలతో వచ్చి బావి చుట్టూ మూగారు.

ఉగాదినాడు రాజుగారు వచ్చాడు. వెంట పోతిసెట్టి ఉన్నాడు.

"ప్రభూ, అరవై ఇళ్ళన్నారు. లెక్క పెట్టండి, యాభై తొమ్మిదే ఉన్నాయి. ఒకటి కూలిపోయింది," అన్నాడు పోతిసెట్టి.

"కూలిపోలేదు ప్రభూ, నేనే పడగొట్టాను. కట్టడంలో తప్పు జరిగింది, ఆ తప్పు నాది," అని మైలమ ఉన్నదున్నట్టు చెప్పింది. "తమరు ఏ శిక్ష వేసినా నాకే వెయ్యండి. వీళ్ళ ఇళ్ళు వీళ్ళకు దక్కనివ్వండి."

రాజు వీధి వెంట నడిచాడు. మొదటి ఇంటి ముందు అప్పడాల అక్కమ్మ కనిపించింది.

"ఈ ఇల్లెలా ఉందమ్మా?"

"ఎండ మాడ్చేస్తుంది ప్రభూ," అంది అక్కమ్మ నవ్వుతూ.

ఉత్తరపు వరసలో మృదంగం పంతులుగారిని అడిగాడు. "ఒకటే మోత ప్రభూ," అన్నాడాయన సంబరంగా.

ఏటివైపు నరసయ్యను అడిగాడు. "చెమ్మ ప్రభూ, నిండా చెమ్మ," అంటూ నరసయ్య తమలపాకులు చేతిలో పెట్టాడు.

రాజు ఆగిపోయాడు. "ఇంటి లోపాలు చెప్పేటప్పుడు జనం తిడుతూ చెప్పడమే విన్నాను. మీరు సొంత పిల్లల అల్లరి చెప్పుకున్నట్టు చెబుతున్నారే!"

అప్పుడు జనంలోంచి కాటయ ముందుకొచ్చాడు. "ప్రభూ, మొన్న ఆ ఇల్లు కొనడానికి వచ్చింది నేనే. నలభై ఏళ్ళు యుద్ధాలు చేశాను. ముందున్న నేల గుల్లగా ఉందని అడుగు వెయ్యకముందే చెప్పినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. ఈమె చెప్పింది. తమవాళ్ళ పది ఇళ్ళూ పోతాయని తెలిసి చెప్పింది. నా మనవల ప్రాణాలు ఈమె చలవ."

రాజు పోతిసెట్టి వైపు తిరిగాడు. "సెట్టీ, నేను పెట్టిన షరతు ఏమిటి? అమ్మాల్సిన ఇళ్ళలో ఒక్కటీ ఖాళీగా ఉండకూడదని కదా. అలాంటిది ఒక్కటి చూపించు."

పోతిసెట్టి అటూ ఇటూ చూశాడు. అమ్ముడుపోకుండా మిగిలిన ఇల్లు ఒక్కటీ లేదు. బావి మాత్రం ఉంది, దాని చుట్టూ జనం ఉన్నారు.

"తూర్పుపేట వీళ్ళదే," అన్నాడు రాజు. "ఇకమీదట పట్నంలో కొత్తగా ఏ పేట కట్టినా, మైలమ వచ్చి నేల తట్టి చూశాకే పునాది పడాలి."

మర్నాడు పోతిసెట్టి ఒంటరిగా వచ్చాడు. వాకిట్లో కాసేపు తటపటాయించి అడిగాడు. "మైలమా, మా పేటలో కప్పులు కురుస్తున్నాయి. ఏం చేస్తే ఆగుతుందో వచ్చి చూస్తావా?" మైలమ వేళాకోళం చెయ్యలేదు. చేతులు కడుక్కుని, తాపీ తీసుకుని ఆయన వెంట నడిచింది.

ఆ రోజు పది కుటుంబాలూ పాకలు వదిలి సొంత ఇళ్ళలో పాలు పొంగించారు. చెన్నక్క తన ఇంటి అరుగు మీద కూర్చుని, ఎంతమంది భోజనానికి పిలిచినా లేవలేదు. "ఉండండే, ఇంకాస్సేపు కూర్చోనివ్వండి. అరవై ఏళ్ళకి కూర్చున్నాను," అంది. చివరికి ఆమె విస్తరి అక్కడికే తెచ్చి వేశారు.

కాబట్టి పిల్లలూ, లోపం దాచినవాడికి ఇల్లు అమ్ముడుపోతుంది, లోపం చెప్పినవాడికి ఊరే అండగా నిలబడుతుంది.