లింగోజు ఇంటి గడియ గిన్నె

వెనకటికి రత్నగిరిని ఏలే రాజుగారికి ముగ్గురు కొడుకులు. ఒకనాడు ధూమ్రదంతుడనే మాంత్రికుడు గద్దలా వచ్చి రాణిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో ఇనుప మేడలో బంధించాడు.

అమ్మను తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు జయంతుడు ఒడ్డుకు చేరేసరికి ఒక ముసలి తాబేలు తల ఎత్తింది.

"మాంత్రికుడి ప్రాణం గుహలో ఏడో గదిలో ఉన్న చిలుకలో ఉంది. గుహలో ఉండగా అది చావదు, బయటికి తెచ్చాకే చంపాలి. వాడు రోజుకు ఒక్క గడియే నిద్రపోతాడు. అప్పుడు పిడుగు పడ్డా లేవడు. వాడు లేచేసరికి గుహలో ఉన్న మనిషి రాయైపోతాడు. మీ అన్నలిద్దరూ అలాగే అయ్యారు" అంది.

ఎండ పొడ లేని దీవిలో గడియ అయిందని తెలిసేదెలా? జయంతుడు ఊరికి తిరిగొచ్చి కంసాలి లింగోజు ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో ఏడు తరాలుగా గడియ గిన్నెలు చేస్తున్నారు. పల్చటి రాగి గిన్నె, అడుగున సన్నటి బెజ్జం. నీళ్ళమీద వదిలితే సరిగ్గా గడియకు మునుగుతుంది. బెజ్జం వేసే పని లింగోజు కూతురు గౌరాంబది. మొదటి గిన్నె రెప్పపాటు ముందు మునిగింది, కరిగించేసింది. రెండోది రెప్పపాటు ఆలస్యమైంది, అదీ కరిగించింది. మూడోది కుదిరింది. లోపల సగం గడియకు గీత పెట్టింది.

"గిన్నె ఒక్కటే చాలదు రాకుమారా. ఉప్పునీళ్ళలో ఇది ఆలస్యంగా మునుగుతుంది. మా బావి నీళ్ళు కుండతో తీసుకుని నేనూ వస్తాను. నీళ్ళు గీతను తాకగానే గంట కొడతాను, మీరు వెనక్కి తిరగండి" అంది.

తాబేలు ఇద్దర్నీ వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించింది. గుహ వాకిట్లో మాంత్రికుడు గుర్రు పెట్టగానే గౌరాంబ గిన్నె వదిలింది. జయంతుడు చీకట్లో తడుముకుంటూ నాలుగో గదికి చేరాడు. నీళ్ళు గీతను తాకాయి. ఆమె గంట కొట్టింది. అతను తిరిగొచ్చాడు.

రెండోరోజు ఆరో గదికి చేరాడు. అక్కడ అన్నలిద్దరూ రాతిబొమ్మలై ఉన్నారు. గంట మోగింది. కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఇంకో పది అడుగులు వేసుంటే చిలుక దొరికేది" అన్నాడు బయటికొచ్చి.

"మీరూ వాళ్ళ పక్కనే నిలబడేవారు" అంది గౌరాంబ.

మూడోరోజు దారి తెలుసు గనక ఎక్కడా ఆగలేదు. గంట మోగేసరికి పంజరం చేతిలో ఉంది. అతను బయట కాలు పెట్టాడు, గిన్నె మునిగింది, మాంత్రికుడు కళ్ళు తెరిచాడు. జయంతుడు చిలుక మెడ నులిమాడు. వాడు లేవబోయి అక్కడే కూలిపోయాడు. ఇనుప మేడ తలుపులు ఊడిపడి రాణి బయటపడింది. గుహలోంచి అన్నలు ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చారు.

రత్నగిరి చేరాక జయంతుడు గౌరాంబను పెళ్ళాడతానన్నాడు.

"నేను కొలిమి వదిలి రాలేను. మా నాన్న తరవాత ఈ పని తెలిసింది నాకొక్కదానికే" అంది.

"నువ్వు రానక్కర్లేదు. నేనే వచ్చి తిత్తి ఊదుతాను" అన్నాడు.

అన్నలు కిరీటం తమ్ముడికే ఇమ్మన్నారు. పెళ్ళి ముహూర్తం గడియ గిన్నె పెట్టి లింగోజే చూసుకున్నాడు. జయంతుడు పొద్దున కొలిమి దగ్గర కూర్చుని, మసి చేతులు కడుక్కుని సభకు వెళ్ళేవాడు. అరవై ఏళ్ళు అలాగే రాజ్యమేలాడు. ఆ అరవై ఏళ్ళూ ఊళ్ళో ఏ గడియ గంటా అటూ ఇటూ మోగలేదు.