పెంకు మీద నల్లగీత

వానకు మన ఊళ్ల దారి బాగా తెలిసిన కాలమంట. అయినా ఒక ఏడు ఆ దారి మరిచిపోయింది. ఆ ఏటి కథ ఇది.

ఒక ఊళ్లో సుంకులవ్వ అని, ముగ్గురాళ్లు దంచి పిండి అమ్ముకునే మనిషి ఉండేది. కొండ మీద తెల్లరాళ్లు ఎన్నో రకాలు. ముగ్గుకు పనికొచ్చేది ఒకటే. అవ్వ రాయిని అరచేతిలో ఎత్తి బరువు చూసేది. కుండపెంకు మీద గీసి చూసేది. సుత్తితో కొట్టి చూసేది. ఎవరైనా నవ్వితే, "మనిషినడిగితే బొంకుతాడు. రాయినడుగు, చెప్తుంది" అనేది.

ఆ కరువులో ఊరంతా కలిసి బావి తవ్వారు. ఒక నిలువు, అంటే మనిషెత్తు లోతు తవ్వారు, నీళ్లు లేవు. రెండు నిలువులు తవ్వారు, లేవు. మూడో నిలువులో పసుపుపచ్చగా మెరిసే రాయి తగిలింది.

అంతే, గడ్డపారలు ఆగిపోయాయి. బంగారమన్నారు. ఊరిపెద్ద ఓబిరెడ్డి బావి చుట్టూ ముళ్లకంప వేయించాడు. నాకెంత, నీకెంత అని మూడు రోజులు తగువు. పిల్లల నాలుకలు పిడచగట్టుకుపోతున్నా ఆ మగమహారాజులకు పట్టలేదు.

నాలుగో పొద్దున అవ్వ సుత్తీ పెంకూ పట్టుకొచ్చింది.

"ఆ రాయి ఇటు తే రెడ్డీ."

"ముగ్గు అమ్ముకునేదానివి, బంగారం సంగతి నీకేం తెలుసవ్వా?"

"నాకు తెలీదు. రాయినడుగుదాం, చెప్తుంది. నీ ఉంగరం ఇయ్యి."

రెడ్డి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అవ్వ తన ముక్కుపుల్ల తీసింది. ఆమెకున్న బంగారమంతా అదే. దాంతో పెంకు మీద గీసింది. పసుపుపచ్చటి గీత పడింది. పక్కనే ఆ రాయితో గీసింది. బొగ్గుతో గీసినట్టు నల్లగీత పడింది.

ముక్కుపుల్లను సుత్తితో కొట్టింది. రేకులా సాగింది. రాయిని కొట్టింది. నిప్పురవ్వలు లేచి పొడిపొడి అయింది.

"ఏం చెప్పింది రెడ్డీ?"

రెడ్డి కంప తీసేసి, తనే గడ్డపార పట్టుకుని దిగాడు.

ఐదో నిలువులో నీళ్లు పడ్డాయి. తొలి చెంబు అవ్వకే ఇచ్చారు. "ముక్కుపుల్ల సొట్టపోయిందే అవ్వా" అని ఆడవాళ్లు బాధపడితే, "నా ముక్కు మాత్రం ఏం చక్కగుందని" అని అదే పెట్టుకుంది. పోయేదాకా తియ్యలేదు.

ఇప్పటికీ ఆ పక్క నీళ్లు పడితే తొలి చెంబు సుంకులవ్వ పేరు చెప్పి ఒడ్డున పోస్తారు. బావి మొదలుపెట్టిన రోజున తొలిరాయిని పెంకు మీద గీస్తారు. ఏ రంగు గీత పడినా సరే, పైనున్నవాళ్లు అడుగుతారు.

"ఏం చెప్పింది?"

"తవ్వమంది" అంటారు లోపలున్నవాళ్లు.