పిల్లిగారి ఏకాదశి

బుల్లీ, ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే నేనూ చెప్పను.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవగట్టు వీధిలో, వరహాలమ్మ అని పూలు కట్టి అమ్ముకునే ఆవిడ ఉండేది. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. కూతురు పెళ్ళై అత్తారింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో తోడంటే ఒక్క పిల్లే.

ఆ పిల్లి పేరు సన్నాయి. ఎందుకా పేరంటావా? చేపల పోలమ్మ గంప వీధి మొదట్లోకి వచ్చిందంటే చాలు, గుమ్మంలో నిలబడి పెళ్ళివారి సన్నాయిలా అరిచేది. దాని అరుపు విని వీధంతా గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవారు. కడుపు నిండాక వరహాలమ్మ ఒళ్ళో చేరి గుర్రు గుర్రుమనేది. ఆ చప్పుడుని ఆ వీధిలో జపం అనేవారు. "అదిగో, సన్నాయి జపానికి కూర్చుంది" అని నవ్వుకునేవారు. ఈ మాట గుర్తుపెట్టుకో. కొంప ముంచింది ఈ మాటే.

తొలి ఏకాదశి వచ్చింది. ముందురోజు పూలకి ఒకటే గిరాకీ. వరహాలమ్మ ఎప్పుడూ అరటినారతో కట్టేది. ఆ రోజు నార అయిపోతే తెల్లదారం ఉండ తెచ్చుకుంది. కట్టి కట్టి నడుం పడిపోయి, దారం ముక్కలు అక్కడే వదిలేసి పడుకుంది.

తెల్లారింది. సన్నాయి పాలు ముట్టలేదు. పెరుగన్నం వాసనైనా చూడలేదు. బియ్యం డబ్బా వెనక్కి దూరి, కాళ్ళు కడుపు కింద ముడుచుకుని, కళ్ళు సగం మూసి, గుర్రు గుర్రుమంటూ కూర్చుంది.

వరహాలమ్మ పాలగిన్నె దాని ముందుకి జరిపి చూసింది. ఆ తర్వాత, "ఓరి నా తండ్రీ! ఏకాదశి ఉపవాసమూ, పైగా జపమూనా!" అని వీధికంతా వినపడేలా అరిచింది.

అప్పుడు ఎదురింటావిడ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. పక్కింటావిడ వచ్చి దణ్ణం పెట్టింది. పిల్లి ఎదురొస్తే వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే కామేశ్వరమ్మగారైతే, కుంకుమభరిణె తెచ్చి దాని నుదుట బొట్టు పెట్టింది! అది కిక్కురుమనలేదు.

మర్నాడు ద్వాదశి. రెండు చుక్కలు పాలు నాకి, పచ్చటి నురగ కక్కింది. "పరగడుపున నాకూ ఇలాగే పైత్యం చేస్తుంది" అంది వరహాలమ్మ, తనకేదో వైద్యం తెలిసినట్టు.

ఆ మర్నాడు త్రయోదశి. దాని నోటి వెంట చొంగ కారుతోంది. రోజూ ఒళ్ళంతా నాక్కుని నిగనిగలాడే పిల్లి, అట్టలు కట్టిన బొచ్చుతో అలాగే కూర్చుంది. జపం మాత్రం ఆగలేదు. "చూశారా ఎంత నిష్ఠో!" అని మురిసిపోయింది ఆ తెలివితక్కువ మనిషి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పండగని రెండు రోజులు రాని పోలమ్మ గంప అప్పుడు వీధిలోకి వచ్చింది. సన్నాయి అరవలేదు. పోలమ్మ గంప దింపి తిన్నగా లోపలికొచ్చింది. వరహాలమ్మ గొప్పగా ఉపవాసం సంగతి చెప్పింది. పోలమ్మ దాన్ని మూలలోంచి ఇవతలికి తీసింది.

"ఏకాదశి ఎప్పుడెళ్ళింది వదినా? ద్వాదశికి పారణ చెయ్యని ఉపవాసం ఎక్కడైనా ఉందా? నా గంప వాసనకి లెగలేదంటే దీనికి పేణం మీదకొచ్చిందే!"

అయ్యో, ఆ మాత్రం వరహాలమ్మకి తట్టలేదు చూడు! పాతికేళ్ళుగా ద్వాదశి పారణ చేస్తున్న మనిషికి!

ముల్లు గుచ్చుకుందేమోనని పోలమ్మ దాని దవడ పట్టి నోరు తెరిచింది. ముల్లు లేదు. నాలుక కింద ఒక తెల్ల దారప్పోగు మెలిపడి, మాంసంలోకి కోసుకుపోయి, గొంతులోకి దిగిపోయి ఉంది. వరహాలమ్మ వంగి చూసింది. అది తన దారమే!

గభాలున రెండు వేళ్ళూ పెట్టి లాగబోయింది. పోలమ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది.

"ముట్టుకోకు! గాలం మింగిన చేపని లాగితే ఏటవుద్దో నాకు తెలుసు. పేగులు తెగిపోతాయి!"

ఆ తర్వాత పూలబుట్టలో తువ్వాలు పరిచి, సన్నాయిని పడుకోబెట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడ డాక్టరమ్మ ఎన్నాళ్ళనుంచి తినలేదో అడిగి, పొట్ట తడిమి చూసి, వెంటనే ఆపరేషన్ చెయ్యాలంది. "పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలికి తిరిగి ఉంటాయండీ. దారం చిక్కితే ఉమ్మలేదు, మింగుతూనే ఉంటుంది. ఒక్కరోజు తినకపోతేనే తీసుకురావాలి. మూడు రోజులు ఏం చేశారు?"

"జపం చేస్తోందనుకున్నామమ్మా" అంది వరహాలమ్మ.

డాక్టరమ్మ తల కొట్టుకుంది. "హాయిగా ఉన్నా పిల్లి అలాగే గుర్రుమంటుంది, నొప్పి పట్టలేకపోయినా అలాగే గుర్రుమంటుంది. మూల దాక్కుందంటే ఏదో బాధ ఉందనే."

వరహాలమ్మ వరండాలో కూలబడిపోయింది. మూడు రోజులు అది ప్రాణం ఉగ్గబట్టుకుని మూలుగుతుంటే, తను పదిమందిని పిలిచి చూపించింది. నొప్పికి దణ్ణాలు పెట్టించింది. ఏడుపు ఆగలేదు.

కాసేపటికి డాక్టరమ్మ పళ్ళెంలో దారం తెచ్చి చూపించింది. వరహాలమ్మ చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని మూరేసింది. రెండు మూరలు! అంత చిన్న పొట్టలో!

సన్నాయి మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంది. ఇంటికొచ్చాక గంజినీళ్ళలా పల్చగా పెట్టింది తాగింది, పడుకుంది. అరుపు లేదు. వరహాలమ్మ నోటి చురుకూ తగ్గిపోయింది. ఆఖరికి ఒక పొద్దున్న పోలమ్మ గంప మలుపు తిరిగింది. వరహాలమ్మ పూలబుట్టలోంచి సన్నగా, పగిలిన గొంతుతో, ఒక సన్నాయి మోగింది. పోలమ్మ నడివీధిలో గంప దింపేసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ రోజు నుంచీ వరహాలమ్మ ఒక రేకు డబ్బా పెట్టుకుంది. పూలు కట్టడం అయ్యాక, గోరంత దారం ముక్కైనా సరే, ఏరి అందులో వేసి మూత బిగించాకే పడుకుంటుంది.

ఏవిటే? నా మంచం కింద డబ్బా కూడా రేకుదేనా? మూత బిగించానో లేదో మూడుసార్లు చూస్తానా? అన్నీ గమనిస్తావు దొంగపిల్లా! సన్నాయి ముందు ఆ రోజే ఒట్టేసుకున్నాను, నీకూ అదే చెబుతున్నాను. ఎవరి మూలుగునీ జపం అనుకోకే తల్లీ. దగ్గరకెళ్ళి నోరు తెరిచి చూడు.

కథేమో కంచికి,
దారమేమో డబ్బాలోకి,
పిల్లేమో ఒళ్ళోకి,
నువ్వేమో నిద్దట్లోకి.