కొబ్బరి పీచు గోడ

గున్నయ్య మేస్త్రీని ప్రశ్న అడిగినవాడికి ముందు పని దొరుకుతుంది, జవాబు ఆ తర్వాత. ఈ అలవాటు తెలిసి కూడా శిష్యుడు ఢిల్లేశ్వరరావు ఒకనాడు అడిగాడు: “కూలిపోవలసిన గోడకు ప్రాణం పోయడం ద్రోహం కాదా, మేస్త్రీగారూ?”

ఆ గోడలు ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లవి. తొమ్మిది ఇళ్లు ఒకే వరసలో ఉన్నాయి. ఉప్పుగాలి కొరికి కొరికి ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. కాంక్రీటు ఇళ్లు ఇస్తామన్నవాళ్లు నాలుగేళ్లుగా ఇస్తూనే ఉన్నారు. ఓపిక పట్టమని చెప్పేవాడి నెత్తిన ఎప్పుడూ గట్టి కప్పే ఉంటుంది. మరమ్మతు చేస్తే డిమాండు చచ్చిపోతుందని, పాతది నేలమట్టం కావాలని, పేదవాడికి కావలసింది అతుకులు కాదు హక్కులని ఢిల్లేశ్వరరావు వాదించాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

గున్నయ్య చివరిదాకా విని, “పీచు నానేసినావేట్రా?” అన్నాడు.

నానబెట్టలేదు. ముందురోజు ఢిల్లేశ్వరరావు కొబ్బరి పీచును ముక్కలు చేసి, పొడిగానే సున్నం మాలులో కలిపి, ఆ వరసలోని ఎర్రమ్మ ఇంటి గోడకు పూసేశాడు. తెల్లారేసరికి పూత నెర్రెలు విచ్చి, పెచ్చులు పెచ్చులుగా కిందపడి ఉంది.

“దాహంతో ఉన్నోడిని పనిలోకి దించితే ఏటి సేస్తాడు? మాలులో నీళ్లన్నీ ఆడే తాగేసినాడు. గీకేయ్,” అన్నాడు గున్నయ్య.

పెచ్చులు ఊడుస్తున్న ఎర్రమ్మ చీపురు ఆపింది. “ఏం బావూ, నిన్న గోడకి మాలు పూసినావా, ఉపన్యాసం పూసినావా?”

ఢిల్లేశ్వరరావు తాపీ అందుకున్నాడు. గీకాడు. ఇటుకల సందుల్లో చచ్చిన మట్టినంతా గోళ్లు అరిగేలా తీశాడు. కొబ్బరి తాళ్లతో అల్లిన వలను గోడకు రెండువైపులా పరిచి, ఇటు వలను అటు వలకు గోడలోంచే కుట్టారు. రాత్రంతా నానిన పీచు కలిపిన మాలును రెండంగుళాల మందాన మెత్తారు. తడి గోనెలు కప్పి, ఆరకుండా కాపలా కాశారు. ఆ ఒక్క ఇంటికే పదకొండు రోజులు పట్టింది.

ఎర్రమ్మ భర్త జోగయ్యకు రెండు కాళ్లూ పడిపోయాయి. ఎండ ఎక్కేసరికి గది పొయ్యిలా కాలేది. రోజూ నలుగురు మంచంతో సహా అతణ్ణి బయట పాక నీడకు మోసేవారు. పీచు గోడ వచ్చాక గది చల్లబడింది. “నన్ను కదపకండి. ఈ జన్మకి మధ్యాహ్నం నిద్ర ఇప్పుడు దొరికింది,” అని జోగయ్య లోపలే ఉండిపోయాడు.

వారం తిరగకుండానే, మిట్టమధ్యాహ్నం, ఉప్పు బస్తాల ట్రాక్టరు వెనక్కి వస్తూ తొట్టితో ఆ గోడను గుద్దింది. గోడ పైనుంచి కిందిదాకా చీలి, జోగయ్య మంచం మీదికి కడుపులా ఉబ్బింది. విరిగిన ఇటుకలు వలలో వేలాడాయి. ఒక్కటీ రాలలేదు. పక్కింటి గోడ దగ్గర పనిలో ఉన్న ఢిల్లేశ్వరరావు పరుగెత్తి మంచం కోడు పట్టుకున్నాడు. మరో ముగ్గురు చేరారు. గడప ఇరుకు; మంచం రెండుసార్లు అడ్డం తిరిగింది. గోడ అలాగే వేలాడుతూ ఉంది. పావుగంటకు జోగయ్య ఎండలోకి వచ్చాడు.

ఢిల్లేశ్వరరావు మంచం కోడు వదిలి గున్నయ్య వైపు తిరిగాడు. “ఈ వేళకి బయట ఉండాల్సిన మనిషి. మనం గోడ చల్లగా కట్టామనే లోపల పడుకున్నాడు. అదీ ఒక్క దెబ్బకే పగిలింది. ఇక మనం సాధించిందేమిటి?”

గున్నయ్య అతని వైపు చూడలేదు. “లోపల ఇంకెవులైనా ఉన్నారా?” అని ఎర్రమ్మను అడిగాడు.

“కుండలే, మేస్త్రీ.”

“అవీ తెచ్చేయండి.”

కుండలు వచ్చాయి, ట్రంకుపెట్టె వచ్చింది, దండెం మీది చీర కూడా వచ్చింది. గున్నయ్య గడపలో నిలబడి ఖాళీ గదిని ఒక్కసారి కలియజూశాడు. తర్వాత గునపం తెచ్చి ఢిల్లేశ్వరరావు చేతికిచ్చాడు.

“ఇప్పుడు కూల్చు,” అన్నాడు.